ఏడేళ్లలో నాలుగు ఉద్యోగాలు: మా అబ్బాయిది నిలకడలేమా, లెక్కా?

గోదావరి గట్టు (ప్రశ్న):

నేను 1983లో బ్యాంకింగ్ సర్వీస్ రిక్రూట్‌మెంట్ బోర్డు పరీక్ష నెగ్గి ఆంధ్రా బ్యాంకులో గుమాస్తాగా చేరాను. తరువాత ఆఫీసరునై, మేనేజరునై, పదకొండు బదిలీలు తిరిగి, 2020 ఫిబ్రవరి నెలాఖరున పదవీ విరమణ చేశాను. నెల తిరిగి ఏప్రిల్ 1 వచ్చేసరికి ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమై, 1923లో పట్టాభి సీతారామయ్య గారు మచిలీపట్నంలో నెలకొల్పిన ఆ పేరు బోర్డుల మీది నుంచి దిగిపోయింది. బ్యాంకు కూడా నాతోపాటే రిటైరయిందని మిత్రులు వేళాకోళం చేస్తుంటారు.

మా అబ్బాయి ఇంజనీరింగ్ పూర్తిచేసి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి ఏడేళ్లయింది. ఈ ఏడేళ్లలో నాలుగు కంపెనీలు చూశాడు. నాలుగోదానికీ రాజీనామా ఇచ్చి, అయిదోదాని ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని, నోటీసు కాలంలో ఉండగా దసరాకు ఇంటికి వచ్చాడు. ఇంట్లోంచే పని చేస్తున్నాడు. ఒకనాటి సాయంత్రం ఆరూ నలభై అయిదుకు అతని మేనేజరు ఫోన్ చేశాడు. పేరు తెరమీద నాకూ కనిపించింది. మావాడు ఒకసారి చూసి, ఫోన్‌ను బోర్లించి, వంటింట్లోకి వెళ్లి వాళ్లమ్మ వేస్తున్న పెసరట్టు పళ్లెంలో పెట్టించుకున్నాడు. "మీ ఆఫీసు కాదట్రా?" అని అడిగితే, "అది రేపటి పని నాన్నా" అన్నాడు. నాకు ఎందుకో సిగ్గనిపించింది. ఫోన్ ఎత్తనిది వాడు, సిగ్గుపడింది నేను.

మా రోజుల సంగతి ఒకటి చెప్పాలి. 1986లో కోనసీమలోని ఒక శాఖలో సేవింగ్స్ లెడ్జర్లు (ఖాతాల పుస్తకాలు) బ్యాలెన్సు చేస్తుంటే జనరల్ లెడ్జరుతో (శాఖ మొత్తాల పుస్తకంతో) 27 పైసలు తేడా వచ్చింది. రెండు రాత్రులు కూర్చున్నాం. మూడోనాడు మా హెడ్ క్లర్కు గారు, తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడుతోంది కనుక ఎక్కడో రెండంకెలు తారుమారయి ఉంటాయనీ, తొమ్మిదితో భాగిస్తే మూడు వచ్చింది కనుక మూడు తేడా ఉన్న అంకెల జంటలనే, అంటే 14, 25, 36, 47 వంటివాటినే చూడమనీ చెప్పారు. ఒక ఖాతాలో పేజీ మారేచోట 63 పైసలను 36గా ఎక్కించి ఉన్నారు. ఆ చేతిరాత నాదే. ఇరవై ఏడు పైసల కోసం రెండు రాత్రులేమిటని ఆనాడు మాలో ఎవ్వరూ అడగలేదు. ఉద్యోగం మారే ఆలోచన కూడా మాకు తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టే ఉండేది. బదిలీల వల్ల మా ఆవిడ తన టీచరు ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. పిల్లవాడు పదో తరగతిలోపు ఆరు బడులు మారాడు.

నా ప్రశ్న ఇది. ఇప్పటి పిల్లలకు పని మీద మమకారం తగ్గిందా, లేక ఉద్యోగాల బజారే అలా మారిపోయి నా కొలబద్ద పాతబడిందా? ఓదార్పు మాటలు అక్కరలేదు. ఆ రంగంలో ఉన్నవారు ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు.

గచ్చిబౌలి (సమాధానం):

గోదావరి గట్టు గారికి నమస్కారం. నాకు ముప్ఫై ఏడేళ్లు, ఐటీలో పధ్నాలుగేళ్ల అనుభవం, నా కింద ఇరవై ఇద్దరు పనిచేస్తున్నారు. అంటే ఆ సాయంత్రం ఆరూ నలభై అయిదుకు ఫోన్ చేసే రకం మనిషిని నేనే.

ముందు లెక్క చూద్దాం. మీరు బ్యాంకువారు కనుక అంకెలతో చెబితేనే నప్పుతుంది. ఒకరికి ఏటా ఎనిమిది లక్షల జీతం ఉందనుకోండి. ఉన్నచోటే ఉంటే మా కంపెనీలో మామూలుగా వచ్చే పెంపు ఏడు శాతం, అదీ మంచి రేటింగ్ వస్తేనే. ఆ లెక్కన మూడేళ్లకు 9 లక్షల 80 వేలు అవుతుంది. అదే మనిషి బయట ఇంటర్వ్యూ ఇచ్చి ముప్ఫై శాతం పెంపుతో మారితే చేరిన రోజునే 10 లక్షల 40 వేలు. ఉన్నవాడికి ఇవ్వనన్న డబ్బునే అతని ఖాళీలో చేరే కొత్తవాడికి ఇస్తున్న సంస్థ, నిలకడ గురించి ఉపన్యసిస్తే వినేవాడు నవ్వుతాడు. నేను 2011లో 3 లక్షల 25 వేలకు చేరాను. నిరుడు మా దగ్గర చేరిన పిల్లలకు ఇచ్చినది 3 లక్షల 60 వేలు. ఈ మధ్యకాలంలో మియాపూర్‌లో రెండు పడకగదుల ఇంటి అద్దె ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో వేరే చెప్పనక్కరలేదు.

రెండోది, విరమణ తరువాతి మాట. మీ పెన్షన్ మీ ఆఖరి జీతాన్ని బట్టి వస్తుంది. ప్రైవేటు ఉద్యోగికి ఉన్న ఈపీఎస్ అనే ఉద్యోగుల పెన్షన్ పథకంలో లెక్కకు తీసుకునే జీతానికి 15,000 రూపాయల పరిమితి ఉంది. దానిని సర్వీసు ఏళ్లతో హెచ్చవేసి డెబ్బైతో భాగిస్తారు. ముప్ఫై అయిదేళ్లు చేసినవాడికి వచ్చేది నెలకు ఏడున్నర వేలు, కలిపే అదనపు ఏళ్లు కలిపినా ఎనిమిది వేలు దాటదు. 2014 సెప్టెంబరు 1 నుంచి అంతకు మించిన మూల వేతనంతో కొత్తగా చేరినవారికి ఆ పథకంలో సభ్యత్వం కూడా లేదు. ఇక గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం మానేటప్పుడు సర్వీసును బట్టి ఒకేసారి ఇచ్చే సొమ్ము. సీటీసీ (ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) కాగితంలో మూల వేతనం మీద 4.81 శాతం గ్రాట్యుటీ అని ఏటా చూపించి మొత్తం ప్యాకేజీని లావుగా కనబరుస్తారు. పర్మనెంటు ఉద్యోగి అయిదేళ్లు నిండకుండా వెళ్లిపోతే అందులో రూపాయి రాదు. మీ అబ్బాయి నాలుగు కంపెనీల్లోనూ ఆ కాగితాన్ని చూసే ఉంటాడు. ఆ డబ్బును వదులుకునే వెళ్తున్నాడంటే మారడం వల్ల అంతకంటే మిగులుతోందనే అర్థం.

ఇప్పుడు అంకెలకు అందని సంగతి. రెండేళ్ల క్రితం మా సంస్థలో మనుషులను తగ్గించినప్పుడు, తొమ్మిదేళ్లుగా నాతో పనిచేసిన ఒకాయనకు ఆ మాట చెప్పవలసిన బాధ్యత నామీద పడింది. హెచ్ఆర్ వాళ్లు రాసిచ్చిన ఎనిమిది వాక్యాలను వీడియో కాల్‌లో చదివాను. మధ్యలో సొంతమాట కలపకూడదన్నారు. కాల్ పన్నెండు నిమిషాలలో ముగిసింది. గంటలోపు ఆయన లాగిన్ ఆగిపోయింది. తాను వెళ్తానంటే మాత్రం ఆయనకు తొంభై రోజుల నోటీసు. అదే సాయంత్రం నా బృందానికి, పనిని సొంతదిగా భావించండి అంటూ నేనే మెయిల్ పంపవలసి వచ్చింది. ఆ మెయిల్‌కు ఇరవై ఇద్దరిలో ఒక్కరూ బదులివ్వలేదు. ఇచ్చి ఉంటే నాకే ఆశ్చర్యం కలిగేది.

2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి డెబ్బై గంటలు పనిచేయాలన్నప్పుడు మా ఆఫీసు క్యాంటీనులో కోపం కన్నా నవ్వే ఎక్కువ వినిపించింది, ఎందుకంటే అమెరికా కంపెనీలకు పని చేసే చాలామందికి ఆ గంటలు కొత్తవి కావు. ఫ్యాక్టరీలకు వారానికి 48 గంటల పరిమితి 1948 నాటి చట్టం నుంచీ ఉంది. ఐటీ సంస్థలకు మాత్రం దుకాణాల చట్టంలోని పనివేళల నిబంధనల నుంచి ఉమ్మడి రాష్ట్రంలో ఉండగానే మినహాయింపులు ఇచ్చారు. దసరా రోజుల్లో మన ఆరూ నలభై అయిదు అంటే న్యూయార్కులో ఉదయం తొమ్మిదింబావు, అప్పుడే వాళ్ల రోజు మొదలవుతుంది. ఆ ఫోన్ ఎత్తితే అది పదకొండింటికి గానీ తెగదు. మీ అబ్బాయి ఆ రాత్రి పెసరట్టు తిన్న తరువాత ఏం చేశాడో కూడా ఒకసారి అడిగి చూడండి.

సంఘం పాత సభ్యుడు (సమాధానం):

నేనూ బ్యాంకు ఉద్యోగినే, గోదావరి గట్టు గారికంటే ఆరేడేళ్లు ముందు చేరినవాణ్ణి, ఉద్యోగుల సంఘంలో చాలాకాలం బాధ్యతలు మోసినవాణ్ణి. ఆయన చెప్పిన 27 పైసల కథ అక్షరాలా నిజం. అటువంటివి నా దగ్గరా పది ఉన్నాయి. అయితే అందులో ఒక్క ముక్క వదిలేశారు. గుమాస్తాలం రాత్రిళ్లు కూర్చున్నది ఎంత నిజమో, మరునాడు ఓవర్‌టైమ్ రాసుకున్నదీ అంతే నిజం. మనం గంటలు ఉచితంగా ఇవ్వలేదండీ, వాటికి రేటు ఉండేది, ఆ రేటును కూర్చుని మాట్లాడి ఒప్పించే సంఘం ఉండేది. ఆ కుర్రవాడు ఫోన్ ఎత్తితే అతనికి దక్కేది ఏమిటి?

మరొకటి. మీరు చేరిన 1983లో, స్టేట్ బ్యాంకును పక్కన పెడితే, మన బ్యాంకుల్లో పెన్షన్ లేదు, ప్రావిడెంట్ ఫండే ఉండేది. 1993 అక్టోబరులో సంఘాలకూ యాజమాన్యాలకూ కుదిరిన ఒప్పందం, దాని వెనుక 1995 నిబంధనలు వచ్చాకే మనకు పెన్షన్ చేతికందింది. కంప్యూటర్ల గురించిన ఒప్పందం కూడా అప్పటిదే. అంతకుముందు యంత్రాలు వద్దని జెండాలు పట్టుకున్నవాళ్లం మనమే. మన విధేయతకు మెచ్చి ఎవరో ఇచ్చిన బహుమానంగా ఇప్పుడు దానిని చెప్పుకుంటే, దానికోసం ధర్నా చేసినవాళ్లు ఊరుకోరు. 2010 ఏప్రిల్ 1 నుంచి బ్యాంకుల్లో చేరిన పిల్లలకు ఆ పెన్షన్ లేదు, ఎన్‌పీఎస్ (జమ చేసిన సొమ్ము పెరిగినదాన్ని బట్టి వచ్చే పెన్షన్) ఉంది. ఒకే కౌంటరులో పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి రెండు రకాల వృద్ధాప్యాలు రాసిపెట్టారన్నమాట.

మన తరం అంతా కడదాకా ఒకే కుర్చీలో కూర్చుందన్న మాట కూడా సగమే నిజం. 2000–01లో వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ పథకం) తెచ్చినప్పుడు ప్రభుత్వ రంగ బ్యాంకుల నుంచి లక్ష మందికి పైగా బయటికి వెళ్లారు. 2020 జనవరి 31న బీఎస్ఎన్ఎల్ నుంచి ఒకే రోజున 78 వేల మందికి పైగా దిగిపోయారు. వాళ్లలో నిలకడ లేనివారెవరు?

ఇంతా చెప్పి, కుర్రవాళ్ల మీద నాకున్న అసంతృప్తి కూడా చెబుతాను. ఒంటరిగా మారడం వీళ్లకు బాగా తెలుసు. పదిమంది కలిసి అడగడం తెలియదు, నేర్పినవారూ లేరు. ముప్ఫై శాతం పెంపు ఎవరికి వారు తెచ్చుకుంటారు గానీ తొంభై రోజుల నోటీసును ముప్ఫైకి తగ్గించమని కలిసి అడగరు.

బాలానగర్ లేత్ (సమాధానం):

ఇక్కడ సాఫ్ట్‌వేరు, బ్యాంకు తప్ప వేరే పని కనబడటం లేదు కనుక నేనూ ఒక మాట కలుపుతాను. నాది హైదరాబాదు బాలానగర్‌లో చిన్న వర్క్‌షాపు. రెండు లేత్‌లు (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రాలు), కంప్యూటరుతో నడిచే మూడు సీఎన్‌సీ యంత్రాలు, తొమ్మిది మంది మనుషులు. మా నాన్నగారు సనత్‌నగర్‌లోని ఒక ప్రభుత్వ రంగ కర్మాగారంలో టర్నరు. సైరన్ మోగితే ఇల్లు కదిలేది, మళ్లీ సైరన్ మోగితే ఇంట్లో పొయ్యి వెలిగేది. 1990లలో ఆ కర్మాగారం ముక్కలయ్యాక ఆయన పరిహారం డబ్బుతో పాత లేత్ కొని షెడ్డు వేశారు. మా వీధిలో సగం షెడ్ల చరిత్ర ఇంతే.

నేను కూడా, ఈ కాలపు పిల్లలు పని చేయరు అని పదేళ్లుగా అంటూ వచ్చినవాణ్ణే. హెల్పరుగా చేరమంటే పదహారు వేలా అని వెళ్లిపోతారు. బైకు మీద తిండి పొట్లాలు చేరవేస్తే ఇంతకంటే ఎక్కువ మిగులుతుందంటారు, పెట్రోలు, బండి అరుగుదల లెక్కలోకి తీసుకోకుండా. వాళ్లు చెప్పే రెండో కారణం విన్నాక మాత్రం నేను కాస్త తగ్గాను. "అక్కడ ఎవరూ అరవరన్నా" అన్నాడు ఒకడు. మా షెడ్డులో అరుపులు లేని రోజు లేదు. మేస్త్రీ అరిస్తేనే పని వస్తుందని మేము నేర్చుకున్నాం, నేర్పాం.

అయితే గోదావరి గట్టు గారి కథలో అందరూ దాటిపోయిన ముక్క ఒకటి ఉంది. ఆ తప్పు తన చేతిరాతలోనే ఉందని ఆయనకు తెలిసింది. ఎందుకు తెలిసింది? తప్పు బయటపడే రోజుకు ఆయన ఇంకా అదే కుర్చీలో ఉన్నారు కనుక. నా బాధ కూడా సరిగ్గా ఇక్కడే. మా దగ్గర పంపు షాఫ్టులు తిప్పుతాం, వ్యాసంలో ఇరవై మైక్రాన్లకు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించి తేడా రాకూడదు. ఇన్సర్టు, అంటే లోహాన్ని కోసే మొన, అరిగే కొద్దీ సైజు కొంచెం కొంచెం పెరుగుతుంది. కొత్తవాడు ప్రతి పదో జాబ్‌కు (చెక్కిన ముక్కకు) మైక్రోమీటరు పెట్టి చూస్తాడు, తేడా వచ్చాక నన్ను పిలుస్తాడు. ఒడిశా నుంచి వచ్చిన ఒక కుర్రవాడు మూడేళ్లు మా దగ్గర ఉన్నాడు. మూడో ఏట ఒకరోజు నేను చూస్తుండగానే, తెగి పడే లోహపు చిప్ రంగు కాస్త నీలం తిరగడం గమనించి, కొలవకముందే యంత్రంలో మొన స్థానాన్ని సర్దే ఆఫ్‌సెట్ రెండు పాయింట్లు తగ్గించి, ఆ తరువాత కొలిచాడు. సైజు సరిగ్గా ఉంది. అది బాలానగర్‌లోనే 1968 నుంచి ఉన్న టూల్ డిజైన్ సంస్థలో చదివినా పుస్తకంలోంచి రాదు. తన చేతుల మీదుగా నలభై యాభై జాబ్‌లు రిజెక్షన్ కింద తిరిగివస్తే వస్తుంది. ఏడాదికొకసారి చోటు మారేవాడు తిరిగివచ్చిన మాలు చూడడు. దానిని చూసేది వాడి తరువాత చేరినవాడు.

ఆ కుర్రవాడు ఆ తరువాత నాలుగు నెలలకే నాలుగు వేలు ఎక్కువిస్తామంటే చర్లపల్లి వెళ్లిపోయాడు. కోపం వచ్చింది. రాత్రి పుస్తకాలు తీసి చూస్తే రెండేళ్లుగా వాడికి జీతం పెంచలేదని తేలింది. ఎందుకు పెంచలేదంటే నా బిల్లులు మూడు నెలలకు గానీ పాసు కావడం లేదు. చిన్న పరిశ్రమలకు నలభై అయిదు రోజులలో చెల్లించాలని 2006 చట్టం ఉంది. పెద్ద కొనుగోలుదారు మీద ఆ చట్టం ప్రకారం ఫిర్యాదు పెడితే మరుసటి ఆర్డరు నాకు రాదు. అతను నన్ను తొంభై రోజులు ఆపుతాడు, నేను కుర్రవాణ్ణి రెండేళ్లు ఆపాను, వాడు మాత్రం ఆగలేదు.

అశోక్‌నగర్ గది (సమాధానం):

నాకు ఇరవై తొమ్మిదేళ్లు. ఒకే చోట కడదాకా ఉండే ప్రభుత్వ ఉద్యోగం కోసమే, పోటీ పరీక్షలకు చదువుతూ నాలుగేళ్లుగా ఈ గదిలో ఉన్నాను. ఉదయం ఆరింటికి లైబ్రరీలో కుర్చీ పట్టుకుంటే రాత్రి పదింటికి లేస్తాను, పనిమీద శ్రద్ధ అంటే ఇదీ లెక్కలోకి వస్తుందో రాదో పెద్దలు చెప్పాలి. నేను రాసిన ఒక పరీక్ష రెండుసార్లు రద్దయింది. మా గదిలో నలుగురిలో ఇద్దరు ఊరికి తిరిగి వెళ్లారు, ఒకడు బైకు మీద డెలివరీ చేస్తూ రాత్రిళ్లు చదువుతున్నాడు. గోదావరి గట్టు గారి అబ్బాయి వదిలేసే ఉద్యోగాలు చూస్తే అసూయగా ఉంది. దానిని దాచుకోవడం నాకు చేతకాదు.

రెండో షిఫ్టు (సమాధానం):

మా ఇంట్లో, ఉద్యోగం పురుష లక్షణం అని ఇప్పటికీ అంటుంటారు. నేను ఏడాదికి పదిహేను లక్షలు తెస్తున్నప్పుడూ ఆ మాట మారలేదు. ఒంగోలు దగ్గరి ఊరు మాది, ఇప్పుడు హైదరాబాదులో ఒక విదేశీ బ్యాంకు కార్యాలయంలో పనిచేస్తున్నాను, మూడేళ్ల పాప ఉంది.

గోదావరి గట్టు గారూ, మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. 27 పైసలకు ఏడు వాక్యాలు ఇచ్చారు. ఆంటీ గారి టీచరు ఉద్యోగానికి ఒక్క వాక్యం ఇచ్చారు. నిష్ఠూరంగా అనడం లేదు, మా నాన్నగారు రాసినా ఇలాగే రాసేవారు. మీరు రెండు రాత్రులు బ్యాంకులో కూర్చోగలిగారంటే ఇంట్లో ఆ రెండు రాత్రులూ ఒకరు మేలుకున్నారు. పదకొండు బదిలీలను మోసే ఆ నిలకడకు అయిన ఖర్చులో పెద్ద వాటా బ్యాంకూ కట్టలేదు, మీరూ కట్టలేదు. ఆ ఏర్పాటు ఇప్పుడు మా తరంలో చాలా ఇళ్లలో లేదు. నా భర్తకూ నాకూ ఇద్దరికీ రాత్రి కాల్స్ ఉంటాయి. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు ఫోన్ ఎత్తేది లేదని ఇద్దరం గోడమీది క్యాలెండరులో రాసుకున్నాం. అది పాప తినే వేళ. ఆ రెండు గంటల్లో నాకు వచ్చే కాల్ చూసి మా మామగారు కూడా మీలాగే కంగారు పడతారు, "ఎవరో పెద్దవాళ్లలా ఉన్నారమ్మా, ఎత్తు" అంటారు.

బాలానగర్ లేత్ గారు చెప్పిన మాట మాత్రం నాకు గుచ్చుకుంది. నేను మొదటి రెండు ఉద్యోగాల్లో రాసిన ప్రోగ్రాములు తరువాత ఎలా నడిచాయో నాకు తెలియదు. మూడోచోట నాలుగేళ్లు ఉన్నాను. రెండో ఏట నేను హడావిడిగా రాసిన ఒక భాగం నాలుగో ఏట మార్చి నెలాఖరు రాత్రి కూలిపోయింది. దానిని బాగుచేసిన రాత్రి నేర్చుకున్నంత, అంతకుముందు అన్నేళ్లలో నేర్చుకోలేదు. అయితే అక్కడ నాలుగేళ్లు ఉండగలగడానికి కారణం ఆ మేనేజరు. పాప పుట్టి ఆరు నెలల సెలవు తరువాత తిరిగి వెళ్తే నా పని నాకే ఇచ్చింది. అలా ఇవ్వనిచోట నా స్నేహితురాళ్లు ఏడాది కూడా ఉండలేదు.

గోదావరి గట్టు (తిరుగు జవాబు):

అందరికీ ధన్యవాదాలు. ఇంత వివరంగా రాస్తారనుకోలేదు.

సంఘం పాత సభ్యుడు గారు చెప్పిన ఓవర్‌టైమ్ మాట నిజమే, మరిచిపోయానని బుకాయించను. 27 పైసల కథ ఇంట్లో వందసార్లు చెప్పి ఉంటాను, ఒక్కసారీ ఆ భాగం చెప్పలేదు. రెండో షిఫ్టు గారి సమాధానాన్ని మా ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడ మొత్తం విని, "ఆ అమ్మాయి ఎవరో గాని, ఒకసారి ఇంటికి రమ్మనండి" అని లోపలికి వెళ్లింది. అంతకంటే ఏమీ అనలేదు, నేనూ కదిలించలేదు.

గచ్చిబౌలి గారు అడగమన్నది అబ్బాయిని అడిగాను. ఆ రాత్రి పదింటి నుంచి ఒంటిగంట వరకు వాడు కాల్‌లోనే ఉన్నాడట. నేను తొమ్మిదిన్నరకే నిద్రపోయాను. పైగా నోటీసు కాలంలో తన పనిని వేరొకరికి అప్పగించడానికి నలభై పేజీల కాగితాలు తయారు చేస్తున్నాడు. చూపించమంటే చూపించాడు. నాకు అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, ఎక్కడ ఏ తప్పు రావచ్చో ఎర్ర అక్షరాలతో విడిగా రాసిన పేజీలు కనిపించాయి. మా బదిలీల్లో మేము ఇచ్చే చార్జి కాగితాల్లో నిలవల పట్టిక తప్ప అటువంటి పేజీ ఉండేది కాదు.

ఒక్క విషయంలో నా అభిప్రాయం మారలేదు. బాలానగర్ లేత్ గారు చెప్పినట్టు, తన తప్పు తిరిగి తన దగ్గరికి వచ్చేంతకాలం మనిషి ఒకచోట ఉండాలి. అయిదో కంపెనీలో మూడేళ్లయినా ఉండమని అబ్బాయితో అన్నాను. "వాళ్లు ఉంచితే ఉంటాను" అన్నాడు. ఆ జవాబుకు నా దగ్గర బదులు లేదు.

ఇక గ్రాట్యుటీ, పీఎఫ్ అనే మాట వచ్చింది కనుక వాడి ఖాతాలు తెరిపించి చూశాను. నాలుగు కంపెనీలకు నాలుగు సభ్యత్వ సంఖ్యలున్నాయి. మొదటిదాంట్లో డబ్బు వాడు రెండేళ్లకే తీసేసుకున్నాడు, అయిదేళ్ల లోపు తీస్తే పన్ను పడుతుందని కూడా తెలియదు. మిగిలిన మూడూ ఒకే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ సంఖ్య) కిందికి చేర్చడానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాం. రెండోది తిరిగివచ్చింది. అందులో తండ్రి పేరులో ఒక అక్షరం తారుమారయింది. దానిని దిద్దించుకోవాలి. అబ్బాయికి తీరిక లేదు. ఆ అక్షరం ఏ కాగితంలో మొదట తప్పిందో వెతికే పని నేను తీసుకున్నాను. ఇటువంటిది ఎవరికైనా ఎదురై ఉంటే ఎన్ని రోజులు పట్టిందో రాయగలరు.